గీజర్‌లో బొర్రా గుహ

బోరు నీళ్లు, అద్దె ఇల్లు, పాడైపోయిన గీజర్. కొత్తది ఏది కొనాలి, ఎవరు కొనాలి?

పోయిన ఏడాది సంక్రాంతికి ఊరెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్నే మా గీజర్ పోయింది. చెప్పకుండా పోయిందని అనలేను. రెండు నెలలుగా లోపల ఎవరో పేలాలు వేయిస్తున్నట్టు పెటపెటమంటూనే ఉంది. నీళ్లు బాగా కాగుతున్నాయి కాబోలు అనుకున్నాం. ఆ రోజు స్విచ్ వేయగానే ఇల్లంతా కరెంటు పోయింది. లీకేజీ ఉంటే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పైకి లేపితే నిలబడదు, గీజర్ స్విచ్ ఆపితే నిలబడుతుంది. స్నానానికి వెళ్లబోతున్న మా అమ్మాయి తువ్వాలు భుజాన వేసుకుని అలాగే నిలబడిపోయింది.

మెకానిక్ వచ్చాడు. ప్లగ్గు పీకి, నీళ్లు వదిలేసి, అడుగున ప్లాస్టిక్ మూత తీసి, ఫ్లాంజి బోల్టులు ఒక్కొక్కటీ విప్పుతూ “మేడం, బకెట్ పెట్టుండ్రి” అన్నాడు. పెట్టేలోపే దబదబా రాలాయి పెచ్చులు. తెల్లగా, అక్కడక్కడా ఇటుకరంగు, కోడిగుడ్డు పెంకుకి నాలుగింతల మందం. బకెట్‌లో పావు వంతు నిండింది. కాయిల్ మాత్రం బయటికి రానంది. వేలి లావుండాల్సింది మొక్కజొన్న పొత్తంత అయి కూర్చుంది, పెట్టిన కంతలోంచి తిరిగి రాలేకపోతోంది. స్క్రూడ్రైవర్‌తో పొడిచి పొడిచి లాగితే, గార కింద నిలువునా చీలిన రాగి గొట్టం బయటపడింది. కరెంటు తన్నేస్తున్నది అక్కడ.

“గిది గీజర్ కాదు మేడం, సున్నం బట్టీ” అన్నాడు.

కొత్త కాయిల్ వేస్తే సరిపోదా అంటే, టార్చి వేసి ట్యాంకు అడుగు చూపించాడు. అతుకు దగ్గర తుప్పు, చెమ్మ. తర్వాత కాయిల్ పక్కన వేలాడుతున్న ఒక సన్నటి ఇనప తీగ తెంపి నా చేతిలో పెట్టాడు. “గిదేందో తెల్సా? రాడ్. బొటనవేలంత లావుంటది. మొత్తం తినేసింది. ట్యాంకు లీకు కొట్టింది, కాయిల్ ఏస్తే పైసల్ దండగ.”

ఆ గీజర్ మాది కాదు, ఓనరుది. నీళ్లు కూడా మావి కావు, అపార్ట్‌మెంటు బోరువి. చలి మాత్రం మాదే.

రాయి ఎక్కణ్నుంచి వచ్చింది?

వాన నీరు నేలలోకి దిగేటప్పుడు మట్టిలోని కార్బన్ డయాక్సైడును కలుపుకుని కాస్త ఆమ్లమవుతుంది. ఆ నీరు రాళ్లలోని కాల్షియంను, మెగ్నీషియంను కొద్దికొద్దిగా కరిగించి బైకార్బొనేట్లుగా తనలో దాచుకుంటుంది. కంటికి కనపడదు, గ్లాసులో పోస్తే తేటగానే ఉంటుంది. కాచామా, కార్బన్ డయాక్సైడు లేచిపోతుంది. కాల్షియం కార్బొనేటు నీటిలో నిలవలేక దొరికిన చోట అంటుకుంటుంది. అన్నిటికంటే వేడిగా ఉండేది కాయిల్ కాబట్టి ముందు దానికే పడుతుంది.

బొర్రా గుహల్లో కప్పు నుంచి వేలాడే సున్నపు స్తంభాలు చూశారు కదా? అక్కడా జరిగేది ఇదే. గుహలో నీటి బొట్టు గాలి తగిలి, తనలోని వాయువును నెమ్మదిగా వదులుకుంటూ వేల ఏళ్ల మీద ఓ స్తంభం కడుతుంది. మనం రెండు వేల వాట్లు పెట్టి తొందర చేస్తున్నాం.

పల్నాడులోనూ తాండూరులోనూ నేల కిందంతా సున్నపురాయే. పిడుగురాళ్ల సున్నం బట్టీల సంగతి తెలియనిదెవరికి! అక్కడి నీళ్లు గట్టివంటే ఆశ్చర్యం లేదు. మా హైదరాబాద్‌ది గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ల నాటిది. నీళ్లు దాని పగుళ్లలోనే దొరుకుతాయి. ఎంత లోతు పగులైతే నీరు అంతకాలం రాయితో కాపురం చేసి వస్తుంది. మా బోరు వెయ్యి అడుగులు దాటింది. గండిపేట నీళ్లు తాగినవాళ్లు ఈ ఊరు వదలరని నానుడి. ఆ చెరువు 1920 నాటిది. ఇవాళ్టి శివారు అపార్ట్‌మెంట్లలో తాగడానికి కృష్ణా, గోదావరి నీళ్లొస్తే రావచ్చు, స్నానానికి మాత్రం బోరో ట్యాంకరో దిక్కు. మన ఇళ్లలో దీన్ని కఠిన జలం అని ఎవరూ అనరు, ఉప్పు నీళ్లంటారు. పప్పు ఉడకనివి, సబ్బు నురగ రానివి, కుళాయి మూతికి తెల్ల మీసం తెప్పించేవి.

ఆన్‌లైన్‌లో చుక్కల పరీక్ష కిట్టు ఒకటి తెప్పించాను. చిన్న సీసాలో మన నీళ్లు పోసి రంగు మందు వేస్తే నేరేడుపండు రసం రంగు వస్తుంది. తర్వాత రెండో మందు ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. ఎన్నో చుక్కకి నీలం తిరుగుతుందో అదీ లెక్క. మా కిట్టులో చుక్కకి, కాల్షియం కార్బొనేటు లెక్కన, లీటరుకు 25 మిల్లీగ్రాములు. వంటింటి మున్సిపల్ కుళాయి నీళ్లు ఆరో చుక్కకే నీలమయ్యాయి. బోరు నీళ్లు పది దాటాయి, పదిహేను దాటాయి, అమ్మాయి లెక్కపెడుతోంది, ఇరవై నాలుగో చుక్కకి తిరిగాయి. అంటే 600. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం మొత్తం కాఠిన్యం 200 దాకా ఫరవాలేదు, వేరే నీళ్లు లేనప్పుడు 600 దాకా ఒప్పుకోవచ్చు. మేం సరిగ్గా గీత మీద ఉన్నాం.

ఇంట్లో ముగ్గురం. గీజర్‌లోంచి రోజుకు 60 లీటర్లు వాడతామనుకోండి. ఏడాదికి దాదాపు 22 వేల లీటర్లు. లీటరుకు 600 మిల్లీగ్రాముల చొప్పున కట్టి చూస్తే, ఆ డబ్బాలోంచి ఏటా 13 కిలోల సున్నపురాయి దాటిపోతోంది. అందులో చాలా భాగం నీళ్లతోపాటే బకెట్‌లోకి వెళ్లిపోతుంది. పదో వంతు ఆగినా కిలోకి పైమాటే.

ఒక మాట. షాపులో టీడీఎస్ మీటరు ముంచి “మీవి హార్డ్ వాటర్” అని తేల్చేస్తారు. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపిస్తుంది, వంటింటి ఉప్పు వేసినా పెరుగుతుంది. గార కట్టేది ముఖ్యంగా కాల్షియం, మెగ్నీషియం. రెండు సంఖ్యలూ కావాలి: కాఠిన్యం కాయిల్ కోసం, టీడీఎస్ ట్యాంకు కోసం. ఎందుకో ముందుముందు చెబుతాను.

చెయ్యి పట్టే కాగు

మా అత్తయ్యది రాజమండ్రి. గీజర్ పోయిన వారం రోజులూ గ్యాస్ పొయ్యి మీద గిన్నెలో నీళ్లు కాచి మోస్తుంటే ఆవిడ తన పుట్టింటి పెరడు గుర్తుచేసుకున్నారు. గోడ వారగా మూడు రాళ్ల మీద రాగి కాగు. కింద కొబ్బరి డొక్కలు, కమ్మలు, రంపపు పొట్టు. తర్వాత వాళ్ల నాన్నగారు రాగి బాయిలర్ కొన్నారు. మధ్యలో నిప్పుల గొట్టం, చుట్టూ నీళ్లు. పై గరాటులో చెంబుడు చన్నీళ్లు పోస్తే పక్క మూతిలోంచి చెంబుడు వేణ్నీళ్లు వచ్చేవి. ఆ బాయిలర్ ముందు పోయింది, కాగు ఇప్పటికీ ఉందట.

“కాగులో చెయ్యి పెట్టి చింతపండుతో తోమేవాళ్లమమ్మా. మీ డబ్బాలో చెయ్యి పెట్టే దారేదీ?” అన్నారు.

షాపుల్లో తిరిగిన మూడు రోజుల్లో నాకు పనికొచ్చిన సలహా ఇదొక్కటే. ఉప్పు నీళ్ల ఇంట్లో గార పట్టని గీజర్ లేదు. ఉందని బోర్డు పెట్టినా నమ్మకండి. పట్టిన గారను తీయడానికి ఎంత తేలిగ్గా విప్పొచ్చు, అరిగిన ముక్కను ఎంత చవగ్గా మార్చొచ్చు అన్నదే చూడాలి.

గీజర్ అన్న మాట ఐస్‌లాండ్‌ది, అక్కడి ఓ వేడినీటి బుగ్గ పేరు. 1868లో లండన్‌లో బెంజమిన్ వాడీ మాన్ అనే పెయింటర్ గ్యాస్‌తో అప్పటికప్పుడు నీళ్లు కాచే యంత్రం చేసి దానికా పేరు పెట్టాడు. అసలు బుగ్గ చుట్టూ కూడా ఖనిజం పేరుకునే ఉంటుంది లెండి.

ఇన్‌స్టంటా, స్టోరేజా?

షాపువాడు ముందు చూపించేది మూడు లీటర్ల ఇన్‌స్టంట్. చిన్నది, తేలిక, ఇల్లు మారితే సంచిలో వేసుకుని పోవచ్చు. అద్దెవాళ్ల బలహీనత షాపువాళ్లకు తెలుసు. లెక్క చూడండి. జనవరి పొద్దున పై ట్యాంకు నీళ్లు 20 డిగ్రీలుంటాయి. వాటిని 40కి తేవాలంటే మూడు కిలోవాట్ల కాయిల్ నిమిషానికి రెండు లీటర్ల పైచిలుకు మాత్రమే ఇవ్వగలదు. ఇరవై లీటర్ల బకెట్ నిండడానికి తొమ్మిది నిమిషాలు. అది ఓర్చుకోవచ్చు. ఓర్చుకోలేనిది లోపలి ఇరుకు. చిన్న ట్యాంకులో కాయిల్‌ను చుట్టచుట్టి పెడతారు, చుట్టల మధ్య సందు కొంచెమే. మా నీళ్లకు ఆ సందు త్వరగా పూడుతుంది. పైగా కొన్ని మోడళ్లలో ట్యాంకు విప్పే వీలే ఉండదు, గార పడితే మొత్తం మార్చడమే. వంటింటి సింకుకి, అదీ మున్సిపల్ నీళ్లయితే, భేషుగ్గా ఉంటుంది. ఉప్పు నీళ్ల స్నానాలగదికి నేను వద్దంటాను.

స్టోరేజిలో 15 లీటర్లా, 25 లీటర్లా? ఇక్కడ కొంచెం తమాషా ఉంది. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాచి అన్నే చన్నీళ్లు కలిపితే 30 లీటర్ల గోరువెచ్చని నీళ్లు. 25 లీటర్లను 50కే కాచినా చన్నీళ్లు కలిపాక 37 లీటర్లకు పైగా వస్తాయి. అంటే పెద్ద ట్యాంకు ఉంటే థర్మోస్టాట్ తగ్గించి పెట్టుకోవచ్చు. వేడి పెరిగేకొద్దీ గార జోరుగా పడుతుంది, 60 దాటాక మరీను. ముగ్గురుండే ఇంట్లో 15 చాలంటారు షాపువాళ్లు. ఉప్పు నీళ్లయితే ఒక సైజు పెద్దది తీసుకుని ముల్లు 50, 55 మధ్య పెట్టుకోండి. ఊరెళ్లి వారం తర్వాత వస్తే మాత్రం ఆ రోజు 60 దాటేదాకా పూర్తిగా కాగనివ్వాలి. నిలవున్న గోరువెచ్చని నీటిలో లెజియోనెల్లా అనే బాక్టీరియా పెరగొచ్చు.

ట్యాంకుల్లో స్టెయిన్‌లెస్ స్టీలు, రాగి, లోపల గాజుపూత పూసిన ఉక్కు అని రకాలు. బోరు నీళ్లలో క్లోరైడ్లు ఎక్కువుంటే స్టీలు ట్యాంకుకి అతుకుల దగ్గర సూది బెజ్జాలు పడతాయి. రాగి మంచిదే, ధరే మంచిది కాదు. నేను గాజుపూత ట్యాంకు వైపు మొగ్గాను, రాడ్ ఉంటేనే.

రాడ్ అంటే మా మెకానిక్ తీగగా చూపించినది. ఇనప తీగ మీద తొడిగిన మెగ్నీషియం కడ్డీ. నీళ్లలో ఉక్కు కంటే తొందరగా కరిగే లోహం కాబట్టి, పూతలో ఎక్కడైనా సన్నటి బీట ఉన్నా ఉక్కును తిననివ్వకుండా తానే కరిగిపోతుంది. ఈ ఉపాయం గీజర్లది కాదు, ఓడలది. 1824లో హంఫ్రీ డేవీ బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున రాగి రేకులు పాడవకుండా వాటికి ఇనుము, జింకు ముక్కలు తగిలించి చూశాడు. టీడీఎస్ ఎక్కువున్న నీళ్లలో కరెంటు బాగా పారుతుంది, కడ్డీ తొందరగా అరుగుతుంది. టీడీఎస్ ట్యాంకు కోసం అన్నది ఇందుకే. షాపులో అడగాల్సింది “ట్యాంకుకి వారంటీ ఎన్నేళ్లు?” అని కాదు. “కడ్డీ ఎంత లావు, విడిగా దొరుకుతుందా, ఎంత?” అని అడగండి. మూడు షాపుల్లో అడిగితే రెండింట్లో మొహమొహాలు చూసుకున్నారు. మూడో చోట కౌంటరు వెనక స్టూలు మీద కూర్చున్న పెద్దాయన లేచి డ్రాయరులోంచి కడ్డీ తీసి చూపించాడు. అక్కడే కొన్నాం. వారంటీ కార్డు మాత్రం ఇంటికొచ్చాక చదవడం కాదు, షాపులోనే చదవండి. మా పాత గీజర్ కార్డులో చిన్నక్షరాల్లో కడ్డీ ఎప్పటికప్పుడు మార్చకపోతే ట్యాంకు వారంటీ చెల్లదని ఉంది. ఆ కడ్డీ ఉన్న సంగతే మాకు తెలియదు.

కాయిల్‌కి రాగి, ఇంకొలాయ్, గాజుపూత అని మూడు పేర్లు వినపడతాయి. గాజుపూతకి గార పట్టు కాస్త తక్కువ, ఇంకొలాయ్ అనే మిశ్రలోహం వేడికి తట్టుకుంటుంది. అదే సైజు గీజర్‌లో మూడు కిలోవాట్ల కంటే రెండు కిలోవాట్లదే మేలు, కాయిల్ ఒంటి మీద వేడి తక్కువ. స్టార్ల గురించి ఎక్కువ బుర్ర పాడుచేసుకోలేదు. గీజర్ స్టార్ చెప్పేది ముఖ్యంగా వాడకుండా ఉంచిన వేడినీళ్లు రోజంతా ఎంత వేడి పోగొట్టుకుంటాయన్నదే. అరగంట ముందు స్విచ్ వేసి, స్నానం కాగానే ఆపేసే ఇంట్లో ఆ తేడా చిన్నది. ఐఎస్ఐ ముద్ర మాత్రం ఉండి తీరాలి.

గ్యాస్ గీజర్‌ని స్నానాలగది లోపల పెట్టనే వద్దు. తలుపు వేసుకున్న గదిలో గాలి చాలక కార్బన్ మోనాక్సైడు పుడుతుంది, వాసన ఉండదు, మనిషి కూలిపోయేదాకా తెలియదు. సోలార్ మంచిదే కానీ పైకప్పు మనది కాదు. సొంత ఇంటివాళ్లయినా ఉప్పు నీళ్లకు సన్నటి రాగి గొట్టాల ఫ్లాట్ ప్లేట్ కంటే గాజు గొట్టాలదే తీసుకోవాలి. బకెట్‌లో ముంచే హీటర్ రాడ్ పిల్లలున్న ఇంట్లో వద్దంటే వద్దు. పైపుకి తగిలించే అయస్కాంతాలకు నేనైతే చిల్లిగవ్వ పెట్టను. గీజర్ ముందు బిగించే పాలీఫాస్ఫేటు ఫిల్టర్ నీళ్లను మెత్తబరచదు, గార గట్టిగా అంటుకోకుండా కొంత ఆపుతుంది. అందులో గుళికలు వేళకి మార్చే ఓపికుంటేనే పెట్టించుకోండి. అసలు మందు సాఫ్ట్‌నర్. అది అసోసియేషన్ మొత్తం కలిసి బోరుకి పెట్టించుకోవాల్సిన సరుకు, ఉప్పు బస్తాలు మోయాల్సిన సరుకు. మా అసోసియేషన్ మీటింగులో రెండేళ్లుగా అది ఎజెండాలో ఆఖరి అంశం.

ఎవరి జేబు?

ఓనరు అంకుల్ విజయవాడలో ఉంటారు. కొనకముందే ఫోన్ చేస్తే మొదటి మాట: “మీరొచ్చినప్పుడు బానే ఉంది కదమ్మా?” నిజమే. మేమొచ్చినప్పుడు బానే ఉంది, మాకు ముందు రెండు కుటుంబాలకూ బానే ఉంది. ఒక్కరూ దాన్ని విప్పలేదు. అద్దెవాళ్లు ఓనరుదనుకున్నారు, ఓనరు వాడేవాళ్లదనుకున్నారు. మధ్యలో రాడ్ కరిగిపోయింది.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం రెండో షెడ్యూలులో ఈ పంపకం ఉంది. గోడల మరమ్మతు, సున్నాలు, అవసరమైతే పైపులు, వైరింగు మార్చడం ఓనరు పని. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజర్ రిపేర్లు అద్దెకున్నవాళ్ల పని. ఒప్పందంలో వేరేగా రాసుకుంటే అదే చెల్లుతుంది. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప ఈ నమూనాకు బలం లేదు. అయినా బేరానికి ఆధారంగా పనికొస్తుంది. మన ఒప్పందాలు పదకొండు నెలలవి. ఏడాది దాటే ఒప్పందానికి రిజిస్ట్రేషన్ తప్పదన్న నియమం నుంచి ఆ అంకె పుట్టింది. వాటిలో గీజర్ మాట ఉంటే “గీజర్ కలదు” అన్న రెండు ముక్కలే.

అంకుల్‌కి ట్యాంకు తుప్పు ఫొటో, కాయిల్ ఫొటో, బకెట్‌లో పెచ్చుల ఫొటో పంపాను. అరగంట తర్వాత ఆయనే చేశారు.

“అంత చెత్తా గీజర్లోంచే వచ్చిందా అమ్మా?”

“అవునంకుల్. కొత్తది మీరు కొనిపెట్టండి, అది ఇంటితోపాటే ఉంటుంది. ఏటా విప్పించి కడిగించడం, రాడ్ మార్చడం మేం చూసుకుంటాం.”

“రేపు మీరు ఖాళీ చేస్తే?”

“వచ్చేవాళ్ల అగ్రిమెంటులో ఈ మాట రాయించండి. ఎప్పుడు విప్పామో గీజర్ మీదే రాసిపెడతాం.”

సరేనన్నారు. ఆ మాటే వాట్సాప్‌లో పెట్టమంటే పెట్టారు. ఓనరు ససేమిరా అంటే మీరే కొనుక్కోండి, బిల్లు మీ పేరునే ఉంచుకోండి, ఖాళీ చేసేటప్పుడు విప్పి తీసుకెళ్తామని ముందే రాయించుకోండి.

బిగించేటప్పుడు రెండు విషయాలు దగ్గరుండి చూశాను. ఒకటి, 16 ఆంపియర్ల ప్లగ్గులో ఎర్తు నిజంగా పనిచేస్తోందా అని. రెండోది సేఫ్టీ వాల్వు. నీళ్లు కాగి వ్యాకోచించినప్పుడు అది నాలుగు చుక్కలు కారుస్తుంది. కారుతోందని దానికి బిరడా కొట్టించేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. గార పట్టి ఆ వాల్వు మూసుకుపోయి థర్మోస్టాట్ కూడా పాడైతే ట్యాంకు బాంబే.

మొన్న నవంబరులో అదే మెకానిక్‌ని పిలిచాం. విప్పితే వచ్చింది దోసెడు పెచ్చు. కాయిల్ మీద పల్చటి పొర. గోరువెచ్చని నీళ్లలో నిమ్మ ఉప్పు కలిపి అందులో కాయిల్ ముంచితే సోడా పొంగినట్టు బుసబుసమని బుడగలొచ్చాయి. గంటకి రాగిరంగు తేలింది. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పోద్దామన్నాడు, నేనొప్పుకోలేదు. అది గారతోపాటు లోహాన్నీ తింటుంది. అత్తయ్య కుర్చీ తెచ్చుకుని కూర్చుని మొత్తం చూశారు. రాడ్ సగానికి అరిగింది, కొత్తది వేశాం. మూత కింద రబ్బరు వాషరు కూడా మార్చాం. కాయిల్ పాతదే.

మూత బిగించాక పక్కన తెల్ల టేపు అంటించి అమ్మాయి చేత మార్కర్‌తో తేదీ రాయించాం. మీ గీజర్ మీద అలాంటి తేదీ ఏదీ లేకపోతే, ఈ చలికాలం అయిపోకముందే ఒకసారి విప్పించండి. బకెట్ మాత్రం ముందే పెట్టుకోండి.